గుండె జబ్బుతో అమెరికాలో డిజబిలిటీ బెనిఫిట్స్: అర్హత నుంచి అప్పీలు దాకా

స్టెంట్ పడింది, బైపాస్ అయింది అన్నంత మాత్రాన అమెరికా సోషల్ సెక్యూరిటీ వాళ్లు డిజబిలిటీ ఇవ్వరు. అలాగని ‘గుండె జబ్బుకు డిజబిలిటీ ఏంటి, అది కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు కదా’ అని అప్లై చేయకుండా కూర్చుంటే వచ్చేదీ రాదు. మనవాళ్లకు ఆ అభిప్రాయం ఊరికే కలగలేదు. ఇండియాలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో తలసేమియా ఉంది, హీమోఫీలియా ఉంది, పార్కిన్సన్స్ కూడా ఉంది. గుండె జబ్బు లేదు. సదరం క్యాంపుకెళ్లి ఇంత శాతం అని సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతే మనకు తెలిసింది.

అమెరికా సోషల్ సెక్యూరిటీలో శాతాల లెక్క లేదు, సగం డిజబిలిటీ అనే మాటా లేదు. జబ్బు పేరు కన్నా వాళ్లకు కావాల్సింది వేరే: మందులు సరిగ్గా వాడుతూ కూడా ఈ మనిషి ఏ ఉద్యోగమూ చేయలేని స్థితిలో ఉన్నాడా? ఆ స్థితి కనీసం 12 నెలలు ఉందా, లేదా ఉంటుందని డాక్టర్లు అంటున్నారా? దీనికి జవాబు మీ నోట కాదు, మీ మెడికల్ ఫైలులో కనిపించాలి. కింద చెప్పేదంతా ఆ ఫైలును ఎలా తయారు చేసుకోవాలన్నదే.

1. ముందు మీరు ఏ పథకం కిందికి వస్తారో చూసుకోండి

రెండు పథకాలున్నాయి. ఎస్‌ఎస్‌డీఐ అనేది ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్లకు. ఎస్‌ఎస్‌ఐ అనేది ఆదాయం, ఆస్తి బాగా తక్కువగా ఉన్నవాళ్లకు. వైద్యపరమైన నిబంధనలు పెద్దవాళ్లకు రెండింటిలోనూ ఒకటే.

ఎస్‌ఎస్‌డీఐకి క్రెడిట్లు కావాలి. మీ పే స్లిప్పులో ఫైకా పేరుతో కోసే డబ్బు ఇందుకే. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్. ఏడాదికి నాలుగుకు మించి రావు. 31 ఏళ్లు దాటినవాళ్లకు జబ్బుతో పని ఆగేనాటికి ముందు పదేళ్లలో కనీసం 20 క్రెడిట్లు ఉండాలి. వయసును బట్టి మొత్తం 40 దాకా అడుగుతారు. అంతకన్నా చిన్నవాళ్లకు తక్కువ సరిపోతాయి.

హెచ్-1బీ మీద ఉన్నా ఫైకా కట్టినవాళ్లకు క్రెడిట్లు వస్తాయి. పౌరసత్వం అక్కర్లేదు, చట్టబద్ధంగా దేశంలో ఉంటే చాలు. కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో (చదువుకు అనుబంధంగా) చేసిన ఉద్యోగానికి సాధారణంగా ఫైకా కోత ఉండదు కాబట్టి ఆ ఏళ్లు ఇక్కడ కలిసిరావు. ఇండియాలో చేసిన సర్వీసు అసలే కలవదు, ఎందుకంటే సోషల్ సెక్యూరిటీ విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. మీ ఖాతాలో ఎన్ని క్రెడిట్లున్నాయో సోషల్ సెక్యూరిటీ (ఎస్‌ఎస్‌ఏ) వెబ్‌సైటులో లాగిన్ అయితే తెలుస్తుంది. ఇవాళే చూసుకోండి, జబ్బు లేకపోయినా సరే.

చాలామంది చూసుకోనిది ఇంకొకటి ఉంది. ఉద్యోగం మానేశాక ఈ ఎస్‌ఎస్‌డీఐ బీమా కూడా కొన్నాళ్లకు ముగిసిపోతుంది. ఏళ్ల తరబడి పనిచేసి 2019 డిసెంబర్లో మానేసిన మనిషికి సాధారణంగా 2024 డిసెంబర్‌తో అయిపోతుంది. ఆయన 2026లో అప్లై చేస్తే, గుండె 2024 లోపే పని చేయలేనంతగా పాడైందని పాత రికార్డులతో చూపించాలి. ఇప్పుడు ఎంత బాధపడుతున్నా అది సరిపోదు.

మీకు ఎస్‌ఎస్‌డీఐ వస్తే, 18 ఏళ్ల లోపు పిల్లలకూ, 16 ఏళ్ల లోపు పిల్లల్ని చూసుకుంటున్న భార్యకో భర్తకో కూడా కొంత రావచ్చు. ఆ సంగతి అప్లై చేసేటప్పుడే అడగండి.

ఇక ఎస్‌ఎస్‌ఐ. 2025లో ఫెడరల్ మొత్తం నెలకు 967 డాలర్లు. ఒంటరి మనిషికి 2,000, దంపతులకు 3,000 డాలర్లకు మించి ఆస్తి ఉండకూడదు. ఉంటున్న ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావు. గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది వస్తుందా అని అడిగేవాళ్లు చాలామంది. సూటిగా చెప్పాలంటే, మామూలుగా రాదు. 1996 ఆగస్టు 22 తర్వాత వచ్చిన గ్రీన్ కార్డుదారులకు ఐదేళ్లు నిండాలి, పైగా సొంతంగానో జీవిత భాగస్వామి పని ద్వారానో 40 క్వార్టర్లు, అంటే 40 క్రెడిట్లు, ఉండాలి. అరవై దాటి వచ్చిన అమ్మకు అవి ఎక్కడివి? సిటిజన్‌షిప్ వచ్చాక ఈ అడ్డం తొలగుతుంది, ఆదాయం, ఆస్తి షరతులు మాత్రం ఉంటాయి.

2. సంపాదన గీత దాటకండి

2025లో నెలకు 1,620 డాలర్ల కంటే ఎక్కువ సంపాదిస్తుంటే ఫైలు తెరిచిన చోటే మూసేస్తారు. డాక్టరు రిపోర్టుల దాకా వెళ్లరు. ఈ అంకె ఏటా మారుతుంది.

కంపెనీ ఇచ్చే షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ డిజబిలిటీ వేరే సంగతి. అవి ప్రైవేటు బీమాలు, వాటి నిబంధనలు వాటివే. మీకు లాంగ్ టర్మ్ పాలసీ ఉంటే దాని కాగితాలు ఒకసారి చదవండి: సోషల్ సెక్యూరిటీకి కూడా అప్లై చేయాలనీ, అది వస్తే ఆ మేరకు తాము తగ్గిస్తామనీ చాలా పాలసీల్లో ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉంటే రాష్ట్రం ఇచ్చే డిజబిలిటీ బీమా (ఎస్‌డీఐ) 52 వారాల దాకా దొరుకుతుంది.

3. ఫైలు: అసలు పనంతా ఇక్కడే

గుండె కేసుల్లో సాధారణంగా కనీసం మూడు నెలల చికిత్స, పరిశీలన ఉన్న రికార్డు అడుగుతారు. గుండెపోటు వచ్చిన వారానికే, ఆపరేషన్ అయిన నెలకే నిర్ణయం తీసుకోరు. చికిత్స తర్వాత మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూడాలంటారు. అప్లికేషన్ మాత్రం అప్పుడే పెట్టేయొచ్చు. రికార్డు తర్వాత పెరుగుతూ ఉంటుంది.

సేకరించాల్సినవి ఇవి: ఈసీజీలు, ఎకో రిపోర్టు, ట్రెడ్‌మిల్ టెస్ట్, యాంజియోగ్రామ్, హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే గుండె లయను నమోదు చేసే పరికరం) రిపోర్టు, కాళ్ల రక్తనాళాల జబ్బయితే చీలమండ, చేయి బీపీల నిష్పత్తి, ప్రతి ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, మందుల జాబితా. ఒక్కమాటలో వచ్చే ఫలితం చాలదు. ట్రెడ్‌మిల్ ‘పాజిటివ్’ అంటే వాళ్లకు ఉపయోగం లేదు. ఎన్ని నిమిషాలు నడిచారు, ఎందుకు ఆపారు, ఎన్ని మెట్స్ (శ్రమను కొలిచే లెక్క) దగ్గర ఏం జరిగింది అన్న పేజీలు కావాలి. ఆ టెస్టు ఏడాది లోపుదై, మధ్యలో మీ పరిస్థితి మారకుండా ఉంటే లెక్కలోకి తీసుకుంటారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బైపాస్ అయి ఉంటే ఆ కాగితాలు మీరే తెప్పించి జత చేయండి. మన కార్పొరేట్ ఆసుపత్రుల సమ్మరీలు ఎలాగూ ఇంగ్లిషులోనే ఉంటాయి, అనువాదం బాధ లేదు.

ఇప్పుడు మనవాళ్ల ఫైళ్లను దెబ్బతీసే అలవాటు సంగతి. డాక్టరు లోపలికి వచ్చి ‘ఎలా ఉన్నారు’ అంటాడు. మనం ‘బానే ఉన్నానండీ’ అంటాం. మర్యాద కొద్దీ అన్న ఆ మాట చార్టులోకి ‘డూయింగ్ వెల్, నో కంప్లయింట్స్’ అని ఎక్కుతుంది. పక్కన దుబాసీగా ఉన్న కొడుకు నాన్న చెప్పిన నాలుగు వాక్యాలనూ ‘కొంచెం నీరసమంట’ అని ముగించేస్తాడు. ఆరు నెలల తర్వాత ఫైలు చదివే అధికారికి కనిపించేది ఆ ‘డూయింగ్ వెల్’ మాత్రమే. అబద్ధం చెప్పమని కాదు. మెయిల్ బాక్స్ దాకా వెళ్లొస్తే ఆయాసం వస్తే, అదే చెప్పండి. రాత్రి మూడు దిండ్లు పెట్టుకుంటేగానీ పడుకోలేకపోతే, మూడు దిండ్లని చెప్పండి. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్నాక గంటకోసారి బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తే అది కూడా ఉద్యోగానికి అడ్డమే, చెప్పండి. సాయంత్రానికి సాక్స్ అచ్చు ఎంత లోతు పడుతుందో చూపించండి.

ఇంకో చిక్కు ‘స్టేబుల్’ అనే మాట. కార్డియాలజిస్టుకు దాని అర్థం పోయినసారి కంటే దిగజారలేదని. ఉద్యోగం చేయగలడని కాదు. అందుకే డాక్టరును ఒక ఉత్తరం అడగండి. ‘ఈయన డిజబుల్డ్’ అని రాస్తే లాభం లేదు, ఆ నిర్ణయం తమదేనంటారు సోషల్ సెక్యూరిటీ వాళ్లు. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, రోజులో ఎన్నిసార్లు పడుకోవాలి, కాళ్లు పైకి పెట్టుకోవాలా, నెలలో ఎన్ని రోజులు పనికి రాలేరు అనేవి అంకెలతో, ఏ టెస్టును బట్టి అంటున్నారో చెబుతూ రాయాలి.

మందులు మానేయకండి. చెప్పిన చికిత్స సరైన కారణం లేకుండా పాటించకపోతే దానిమీదే తిరస్కరించే వీలుంది. ఇంగ్లీషు మందులు పక్కన పెట్టి కషాయాలు తాగుతున్నానంటే కేసు కష్టమే. డబ్బుల్లేక కొనలేకపోతే మాత్రం అది సరైన కారణంగా ఒప్పుకుంటారు, కానీ ఆ మాట కూడా చార్టులో పడి ఉండాలి.

4. లిస్టింగ్‌లో మీ జబ్బు ఎక్కడుందో వెతకండి

సోషల్ సెక్యూరిటీ దగ్గర జబ్బుల పట్టిక (లిస్టింగ్) ఉంది, బ్లూ బుక్ అంటారు. గుండె, రక్తనాళాల జబ్బులు అందులో నాలుగో విభాగం. దానిలో చెప్పిన ప్రమాణాలకు మీ రిపోర్టులు సరిగ్గా సరిపోతే ఇక ఉద్యోగం, వయసు, చదువు చూడకుండానే వైద్యపరంగా ఒప్పుకుంటారు.

గుండె వైఫల్యం, అంటే హార్ట్ ఫెయిల్యూర్, నంబర్ 4.02. దీనికి రెండు భాగాలున్నాయి, రెండూ నెరవేరాలి. మొదటిది ఎకోలో కనిపించేది: ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం శాతం) 30 శాతం లేదా అంతకన్నా తక్కువ, లేదా ఎడమ జఠరిక 6 సెంటీమీటర్లకు మించి సాగి ఉండటం. ఈ కొలత ఆసుపత్రిలో ఊపిరాడక చేరిన రోజుది పనికిరాదు, కుదుటపడ్డాక తీసింది కావాలి. ఈఎఫ్ బాగానే ఉండి గోడలు మందమెక్కిన రకానికి వేరే కొలతలున్నాయి. రెండో భాగం కింద మూడింటిలో ఒకటి: ట్రెడ్‌మిల్ మీద 5 మెట్స్ స్థాయికే ఆయాసంతోనో ఛాతీ నొప్పితోనో ఆగిపోవడం, లేదా 12 నెలల్లో మూడుసార్లు ఒంట్లో నీరు చేరి, ఆసుపత్రిలోనో ఎమర్జెన్సీలోనో 12 గంటలకు పైగా చికిత్స అవసరం కావడం, లేదా ట్రెడ్‌మిల్ చేయించడమే ప్రమాదమని వైద్యుడు తేల్చి, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం చాలా తీవ్రంగా దెబ్బతినడం.

5 మెట్స్ అంటే ఎంత? సాధారణంగా వాడే బ్రూస్ పద్ధతిలో మొదటి దశ మూడు నిమిషాలు, గంటకు 1.7 మైళ్ల వేగం, 10 శాతం వాలు. అది దాదాపు 5 మెట్స్. అంటే మొదటి దశ పూర్తయ్యేలోపే ఆగిపోయే మనిషి. రెండో దశ దాటేసినవాళ్లు ఈ దారిలో కుదరరు.

గుండెకు రక్తం అందని జబ్బు 4.04. ఇక్కడా 5 మెట్స్ లోపు ట్రెడ్‌మిల్‌లో ఈసీజీ మార్పులు ఒక దారి. 12 నెలల్లో మూడు వేర్వేరు సార్లు స్టెంటో బైపాసో అవసరమయ్యేంత, లేదా అవి కూడా చేయడానికి వీల్లేనంత సమస్య రావడం ఇంకో దారి. యాంజియోగ్రామ్‌లో ఎడమ ప్రధాన ధమని 50 శాతం, లేదా బైపాస్ చేయని మరో ధమని 70 శాతం మూసుకుపోయి ఉండటం వంటివి మూడో దారి. కానీ బ్లాకు శాతం ఒక్కటే చాలదు, టెస్టు ప్రమాదకరమనీ, రోజువారీ పనులు బాగా దెబ్బతిన్నాయనీ కూడా ఉండాలి. ‘నాకు 90 శాతం బ్లాక్ అండీ’ అని ధీమాగా ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. స్టెంట్ వేసి అది తెరిస్తే, లిస్టింగ్ దృష్టిలో ఆ 90 శాతం పోయినట్టే.

గుండె లయ తప్పడం 4.05. దీనికి స్పృహ తప్పడమో, దాదాపు తప్పే స్థితో మళ్లీ మళ్లీ రావాలి, మందులూ పేస్‌మేకరూ ఉన్నా ఆగకపోవాలి, ఆ సమయంలోనే ఈసీజీలోనో హోల్టర్‌లోనో లయ తప్పినట్టు దొరకాలి. తల తేలికైనట్టు అనిపించడం చాలదు. ఇది సాధించడం కష్టమని ముందే అనుకోండి.

కాళ్ల ధమనుల జబ్బు 4.12లో నడిస్తే పిక్కలు పట్టేసే లక్షణంతో పాటు చీలమండ, చేయి బీపీల నిష్పత్తి 0.50 కంటే తక్కువ ఉండాలి, లేదా దానికి సమానంగా చెప్పిన ఇతర కొలతలు. సిరల జబ్బు 4.11లో మానని పుండ్లు, గట్టిపడ్డ వాపు చూస్తారు. గుండె మార్పిడి జరిగితే ఏడాది పాటు ప్రశ్న లేకుండా డిజబిలిటీయే. ఎల్‌వీఏడీ (గుండెకు సాయంగా అమర్చే పంపు) పెట్టుకున్నవాళ్లు, గుండె మార్పిడి కోసం అత్యవసర జాబితాలో ఉన్నవాళ్లు కంపాషనేట్ అలవెన్స్ కింద తొందరగా తేలతారు. అప్లికేషన్‌లో ఆ మాట మొదటే కనిపించేలా రాయండి. హై బీపీకి మాత్రం సొంత లిస్టింగ్ లేదు. అది గుండెను, కిడ్నీని, మెదడును, కంటిని ఏం చేసిందో దాన్నిబట్టి చూస్తారు.

5. లిస్టింగ్‌కు అందకపోతే వయసు, పని మాట్లాడతాయి

ఈఎఫ్ 38 ఉన్నంత మాత్రాన కథ అయిపోలేదు. అప్పుడు మీలో మిగిలిన సామర్థ్యం ఎంతో రాస్తారు. ఇండియన్ స్టోర్‌లో అమ్మే 20 పౌండ్ల సోనా మసూరి బస్తా గుర్తు తెచ్చుకోండి. అప్పుడప్పుడు ఆ బస్తా ఎత్తి, రోజులో ఆరు గంటలు నిలబడి నడవగలిగితే ‘లైట్’ పని. పది పౌండ్లే ఎత్తి, ఎక్కువగా కూర్చునే చేయగలిగితే ‘సెడెంటరీ’. ఆ తర్వాత గత ఐదేళ్లలో చేసిన ఉద్యోగాలకు వెళ్లగలరా అని చూస్తారు. 2024 జూన్ దాకా 15 ఏళ్లు చూసేవారు. చివరికి దేశంలో ఇంకేదైనా పని చేయగలరా అని.

ఇక్కడ వయసు తేడా చాలా ఉంటుంది. 56 ఏళ్ల మనిషి, స్టోర్‌లో బస్తాలు దించే పని చేసినవాడు, ఇప్పుడు లైట్ పనికే పరిమితమైతే, వేరే పనికి పనికొచ్చే నైపుణ్యం లేకపోతే నిబంధనల పట్టికే ఆయన వైపు మొగ్గుతుంది. 50 దాటినవాళ్లకు సెడెంటరీకి పరిమితమైతే అలాంటి అవకాశం ఉంది. ఇంగ్లిషు రాదు అన్నదాన్ని ఒకప్పుడు కలిపేవారు; 2020 ఏప్రిల్ నుంచి తీసేశారు.

అదే 42 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ‘కూర్చుని చేసే పనే కదా’ అంటారు. మన ఐటీవాళ్ల కేసులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. బరువులు ఎత్తలేనని వాదించి ప్రయోజనం లేదు, ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవాల్సి రావడం, మందుల మగతతో కోడ్ మీద ధ్యాస నిలవకపోవడం, నెలలో మూడు నాలుగు రోజులు రాలేకపోవడం, కాళ్లు గుండె ఎత్తులో పెట్టుకోవాల్సి రావడం లాంటివి రుజువు కావాలి. గుండెపోటు తర్వాత వచ్చే డిప్రెషన్, టెన్షన్ కూడా చికిత్సలో ఉంటే ఫైలులో కలపండి. అన్నీ కలిపే చూడాలన్నది నిబంధన.

6. ఫారాలు నింపడం

ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో, ఆఫీసుకెళ్లి, ఎలాగైనా అప్లై చేయొచ్చు. దుబాసీని వాళ్లే ఉచితంగా ఇస్తారు, తెలుగు కావాలని ముందే చెప్పండి. ఆ తర్వాత ఫైలు రాష్ట్ర ఏజెన్సీకి వెళుతుంది. అక్కడి నుంచి రోజువారీ పనుల గురించి ఫంక్షన్ రిపోర్ట్ అని ఒక ఫారం వస్తుంది. దీన్ని సాయంత్రం తీరిగ్గా కూర్చుని నింపండి.

‘వంట చేస్తారా?’ అన్నదానికి ‘చేస్తాను’ అని రాస్తే మీరు గంట నిలబడగలరని చదువుకుంటారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇలా ఉంటుంది: ‘రైస్ కుక్కర్ పెడతాను. కూరలు స్టూలు మీద కూర్చుని తరుగుతాను. పది నిమిషాలకు ఆయాసం వస్తే స్టవ్ కట్టేసి పడుకుంటాను. పోపు, గిన్నెలు కోడలు చూసుకుంటుంది.’ ‘గుడికి వెళతారా?’ అన్నదానికి కూడా అంతే. వెళ్లి కుర్చీలో కూర్చుని అరగంటలో వచ్చేస్తే ఆ అరగంటా రాయండి. ఫేస్‌బుక్‌లో తిరుపతి మెట్లెక్కిన ఫొటో ఉంటే అది ఏ ఏడాదిదో గుర్తుపెట్టుకోండి.

కాగితాలు చాలకపోతే వాళ్ల ఖర్చుతో ఒక డాక్టరు దగ్గరికి పంపుతారు. వెళ్లకపోతే కేసు పోతుంది. అపాయింట్‌మెంట్ చిన్నదే, మందుల సంచీ చేత పట్టుకెళ్లండి.

7. తిరస్కరిస్తే

మొదటిసారి కాదన్నారని నిరుత్సాహపడి మానేయకండి, కొత్త అప్లికేషనూ పెట్టకండి. ఉత్తరం అందిన 60 రోజుల్లోపు అప్పీలు చేయాలి. ఉత్తరం మీదున్న తేదీ నుంచి ఐదు రోజుల్లో అందినట్టు లెక్కేస్తారు. గడువు పోతే పాత అప్లికేషన్ తేదీ పోతుంది, దానితో పాటు వెనకటి నెలలకు రావాల్సిన డబ్బూ పోతుంది. మొదటి మెట్టు రీకన్సిడరేషన్ (ఫైలును మళ్లీ పరిశీలించడం), తర్వాత జడ్జి ముందు విచారణ, ఆపైన అప్పీల్స్ కౌన్సిల్, చివరికి ఫెడరల్ కోర్టు. జడ్జి దగ్గర మనిషిని చూస్తారు, ప్రశ్నలడుగుతారు, కాబట్టి అక్కడిదాకా వెళ్లడం దండగ కాదు. లాయర్లు గెలిస్తేనే తీసుకుంటారు: వెనకటి డబ్బులో 25 శాతం, అదీ మామూలు ఒప్పందాల్లో ఒక పరిమితికి (2025లో 9,200 డాలర్లు) మించకుండా. ముందే వేలు అడిగేవాళ్ల జోలికి పోకండి.

అప్పీలులో కొత్త టెస్టులు జత చేయండి. తిరస్కరణ ఉత్తరంలో ఏ ఆసుపత్రి రికార్డులు చూశారో జాబితా ఉంటుంది. అందులో లేని ఆసుపత్రి ఏదో చూసుకుంటే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

8. మంజూరయ్యాక

ఎస్‌ఎస్‌డీఐలో మొదటి ఐదు పూర్తి నెలలకు డబ్బు రాదు. డబ్బుకు అర్హత మొదలైన 24 నెలలకు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది, ఈలోపు ఇన్సూరెన్స్ ఏర్పాటు మీదే. కొన్నేళ్లకోసారి ఫైలు మళ్లీ తెరుస్తారు, కాబట్టి డబ్బు వచ్చేస్తోంది కదా అని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లడం మానకండి. మళ్లీ పని ప్రయత్నించాలనుకుంటే తొమ్మిది నెలల ట్రయల్ పీరియడ్ (డబ్బు ఆగకుండా పని చేసి చూసుకునే గడువు) ఉంది, 2025లో నెలకు 1,160 డాలర్లు దాటిన ప్రతి నెలా అందులో ఒకటి.

ఇండియా టికెట్ బుక్ చేసే ముందు ఆఫీసుకు ఫోన్ చేయండి. ఎస్‌ఎస్‌ఐ అయితే వరుసగా 30 రోజులు దేశం బయట ఉంటే ఆగిపోతుంది, తిరిగి వచ్చాక 30 రోజులు ఇక్కడ ఉంటేగానీ మొదలు కాదు. ఎస్‌ఎస్‌డీఐ తీసుకుంటూ పౌరసత్వం లేనివాళ్లకు ఆరు నెలలు దాటితే ఆగే నిబంధన ఉంది, మినహాయింపులూ ఉన్నాయి. మీకు ఏది వర్తిస్తుందో కాగితం మీద రాయించుకుని వెళ్లండి.